పదకొండో కన్నం

మా పుట్టింటి వైపూ మెట్టినింటి వైపూ కలిపి చెప్పుకోదగ్గ మీసాలు రెండే. ఒకటి మా ఆయన సాయిశంకర్‌ది, రెండోది మా అన్నయ్య జగ్గారావుది. మా ఆయన పోర్టులో టగ్గు నడుపుతారు. పెద్ద ఓడల్ని రేవులోకి లాక్కొచ్చే బుల్లి ఓడ అది. అన్నయ్య స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లు ఫోర్‌మన్. మేముండేది మల్కాపురం, వాళ్లుండేది కూర్మన్నపాలెం. వారమంతా ఎవరి పని వాళ్లదే అయినా ఆదివారం పొద్దున్న బావాబావమరుదులిద్దరూ ఊరి చివర కొండవార ఉన్న మా రైఫిల్ క్లబ్బులో తేలాల్సిందే.

మగాళ్లకి ఆదివారం ఏదో ఒక పిచ్చి ఉంటుంది. కొందరికి పేకాట, కొందరికి చేపల వేట. వీళ్లిద్దరికీ కాగితం మీద నల్లటి మచ్చకి కన్నాలు పెట్టడం. నవ్వుతూ చెబుతున్నాను గానీ ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఆడవాళ్ల విభాగంలో మూడేళ్లుగా కప్పు నాదే. పోటీకి ఇంకొకళ్లు లేరన్నది వేరే సంగతి.

గొడవ రివాల్వర్ దగ్గర మొదలైంది. రివాల్వర్ని డబుల్ యాక్షన్‌లో కాల్చడం చూడ్డానికి తేలికే. ట్రిగ్గర్ ఒక్కటీ నొక్కుతూ పోవడమే. కానీ ఆ ఒక్క నొక్కుడే తూటాల చక్రాన్ని తిప్పాలి, వెనకున్న హ్యామర్‌ని లేపాలి, లేపి వదలాలి. అందుకే అది నూతిలోంచి చేద తోడినట్టు పొడుగ్గా, బరువుగా సాగుతుంది. సాగినంతసేపూ చెయ్యి ఆలోచిస్తూనే ఉంటుంది, ఇదిగో పేలుతుంది, అదిగో పేలుతుంది అని. ఆ భయానికి పేలకముందే ఉలిక్కిపడుతుంది. గొట్టం ముక్కు కిందకి వాలుతుంది, తూటా మట్టిలోకి పోతుంది.

ఈ జబ్బుకి మా కోచ్ అబ్దుల్ వహాబ్ గారి దగ్గర ఒక మందుంది. ఆయనకి వన్ టౌన్లో తాళాల కొట్టు. కుర్రతనంలో రాష్ట్రం తరఫున పోటీలకెళ్లిన మనిషి. చక్రంలో కొన్ని అసలు తూటాలు, కొన్ని కాల్చేసిన ఖాళీ తొడుగులు కలిపి పెట్టి, మూసి మన చేతికిస్తారు. ఏది పేలుతుందో ఏది పేలదో కాల్చేవాడికి తెలీదు. ఖాళీది వచ్చినప్పుడు టక్కుమనడం తప్ప ఏమీ జరగదు. అప్పుడు చెయ్యి కదలకుండా ఉంటే సరే, ఉలిక్కిపడితే మాత్రం అందరి ముందూ దొరికిపోయినట్టే.

ఎర్రగా కాలిన ఇనుము పక్కన ముప్పై ఏళ్లు నిలబడ్డవాడికి ఉలికిపాటేమిటని అన్నయ్య ముందే కోతలు కోశాడు. రెండు పేలాయి. మూడోది ఖాళీ. టక్కుమంది, అంతే, మా అన్నయ్య భుజం మీద తేలు పాకినట్టు ఎగిరిపడ్డాడు. క్లబ్బంతా గొల్లుమంది. మా ఆయన మాత్రం నవ్వలేదు. మెల్లిగా, ఎంతో తీరిగ్గా, మీసం దువ్వుకున్నారు. నవ్వినా బాగుండేది.

అన్నయ్య మొహం జేవురించింది.

"బావా, మీసం దువ్వకు. ఈ ఏడాది పోటీలో నీకన్నా నాకొక్క పాయింటు తగ్గిందా, ఈ మీసం తీసేత్తాను. నీకు తగ్గితే నువ్వు తియ్యాల."

"సరే బావా," అన్నారు మా ఆయన, ఇంకో కప్పు టీ పుచ్చుకున్నంత తేలిగ్గా.

వహాబ్ గారు గడ్డం ఉంచుకుని మీసం తీసేస్తారు. మీసం లేకుండానే నలభై ఏళ్లుగా కాలుస్తున్నాననీ, దాని వల్ల గురికేమీ లోటు రాలేదనీ సర్దిచెప్పబోయారు. ఆయన మాట ఎవరూ వినిపించుకోలేదు.

ఆ మాట కూర్మన్నపాలెం చేరేసరికి అసలు మంట రేగింది. మావైపు తల్లో తండ్రో పోతేనే మగాడి మీసం తీసేది. అమ్మ బతికుండగా కొడుకు నున్నటి మూతితో వీధిలో తిరిగితే, చూసినవాళ్లు అమ్మ పోయిందనుకుంటారు. మా అన్నయ్యకి ఆ సంగతి పందెం వేసిన మర్నాటికి గానీ గుర్తు రాలేదు. గుర్తొచ్చాక, అన్న మాట వెనక్కి తీసుకోవడానికి పౌరుషం అడ్డొచ్చింది. మా అమ్మ జోగమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. కోడలి నోటి వెంట పందెం సంగతి విని ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయింది. సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"నా పాడె కట్టకముందే మీ అన్న మీసం తీసేత్తాడంట. నాను బతికున్నట్టా, సచ్చినట్టా, నువ్వే సెప్పు."

ఆ గొంతు విన్నాక నాకు నవ్వులాట పోయింది. అన్నయ్యని అడిగాను, బతిమాలాను, చివరికి తిట్టాను. మాటంటే మాటే అన్నాడు. అయితే మా ఆయన్ని ఓడిపొమ్మని అడగడమొక్కటే దారి. ఎందుకంటే మామూలుగా కాలిస్తే ఆయన గెలుస్తారు. రైఫిల్ పట్టుకుని బోర్లా పడుకుంటే ఆ మనిషికీ నేలకీ తేడా తెలీదు, అంత నిలకడ.

రాత్రి అన్నం దగ్గర కదిపాను. ఆయన ముద్ద కలుపుతూ చాలాసేపు ఆలోచించి, ఓడిపోదామని కాల్చడం తనకి చేతకాదన్నారు. ఒకసారి తూటా గొట్టంలోకి ఎక్కిందంటే బావా గుర్తుండడు, పందెమూ గుర్తుండదట. అయినా అలా గెలిపిస్తే జగ్గారావు బావ ఈ జన్మలో క్షమించడన్నారు. అది నిజమే కాబట్టి నాకు ఇంకా ఒళ్లు మండింది. ఆ వారమంతా చారూ అన్నమే పెట్టాను. కిక్కురుమనకుండా తిన్నారు.

"నాకైతే ఏటుంది కుసుమా," అన్నారొక రోజు చెయ్యి కడుక్కుంటూ. "మీసం ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే. అదేటని అడిగేవోళ్లెవులున్నారు నాకు."

ఆయన మామూలుగానే అన్నారు. మా ఆయనకి చిన్నప్పుడే అమ్మా నాన్నా పోయారు. మేనమామల ఇళ్లలో వంతులవారీగా పెరిగారు. ఆ మాట వినడం నాకు కొత్త కాదు.

ఇక్కడ మా అమ్మకీ మా ఆయనకీ మధ్య నడిచే మర్యాద గురించి చెప్పాలి. పెళ్లై పాతికేళ్లైనా అమ్మ ఆయనతో నేరుగా మాట్లాడలేదు. తలుపు వెనక నిలబడి, నెత్తి మీదకి చెంగు లాక్కుని, అల్లుడుబాబుగారికి ఇంకో గారె కావాలేమో అడుగు అని నాతో అంటుంది. ఆయన పక్కనే ఉండి అంతా విని, అత్తగారితో చాలని చెప్పు అని మళ్లీ నాతోనే అంటారు. మా అమ్మకి అడ్డపొగ అలవాటుంది, చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చడం. అల్లుడి మోటారు సైకిలు చప్పుడు వినిపిస్తే చాలు, ఆ చుట్టని గూట్లో దాచేస్తుంది. ఆయన అక్కడున్నంతసేపూ ముట్టుకోదు. ఈయన కూడా తక్కువేం కాదు. ఆవిడ గదిలోకొస్తే లేచి నిలబడతారు, ఆవిడున్న వైపు ఎన్నడూ కాళ్లు చాపరు. పాతికేళ్లుగా ఆ తలుపు చెక్క పక్కన రాయబారం మోసి నా నోరు అరిగిపోయింది.

పోటీ రోజు రానే వచ్చింది. సముద్రం గాలి పల్చగా వీస్తోంది, ఎర్రజెండా కొండవైపు రెపరెపలాడుతోంది. ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి జరీ అంచు చీరలో మా అమ్మ దిగింది. కొడుకు మీసం పోయేదేదో తన కళ్ల ముందే పోవాలని వచ్చిందట. వహాబ్ గారు స్వయంగా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి షామియానా కింద వేశారు. చప్పుడు తట్టుకోలేవని నేను అమ్మ చెవుల్లో దూది కుక్కాను.

ముందు రివాల్వర్. అందరం అన్నయ్య ఉలికిపాటు చూడ్డానికే నిలబడ్డాం. మా అన్నయ్య పరువు తీయలేదు. డ్యూటీ దిగిన ప్రతి సాయంత్రం క్లబ్బుకొచ్చి, ఖాళీ రివాల్వర్ గొట్టం మీద తూటా తొడుగొకటి నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం సాధన చేశాడట. ఆ సంగతి వహాబ్ గారు తప్ప ఎవరికీ తెలీదు. ఒక్కో నొక్కుడూ నెయ్యి ధార పోసినట్టు సాగింది. మా ఆయన కన్నా నాలుగు పాయింట్లు ఎక్కువే వచ్చాయి. ఆ నాలుగూ చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మొగుడు వెనకబడితే సంతోషించిన ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో.

తర్వాత పాయింట్ టూటూ రైఫిల్. చిన్న తూటా, చప్పుడు కూడా చిన్నదే, చితుకు విరిచినట్టు. యాభై మీటర్ల దూరంలో కర్ర ఫ్రేములకి వరసగా టార్గెట్ కాగితాలు, ఇటు వరసగా చాపలు. ఒక్కొక్కరికి పది తూటాలు. చీటీ తీస్తే అన్నయ్యకి మూడో చాప, దాని కుడిపక్క నాలుగోది మా ఆయనకి వచ్చాయి. నాలుగో చాపకి సరిగ్గా వెనకాల, షామియానాలో, మా అమ్మ కుర్చీ.

మా ఆయన పడుకోబోతూ వెనక్కి చూశారు. ఒక్క క్షణం తటపటాయించారు. పందెం బెంగ అనుకున్నాను. పడుకుని మొదటి తూటా కాల్చారు. మా క్లబ్బులో ఒక పద్ధతుంది. కాల్చాక, దుర్భిణిలో చూడకముందే, అదెక్కడ తగిలిందో పైకి చెప్పాలి. మన చెయ్యి చేసింది మనకి తెలియాలంటారు వహాబ్ గారు. మా ఆయన పది అన్నారు, పదే. మళ్లీ పది అన్నారు, మళ్లీ పదే. అన్నయ్య తొమ్మిది, పది, తొమ్మిది అంటూ పోతున్నాడు. నాలుగు పాయింట్ల తేడా ఉప్పులా కరిగిపోతోంది. అమ్మ కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. అక్కడేం జరుగుతోందో ఆవిడకి తెలీదు, నా మొహం చూసి తెలుసుకుంటోంది.

అన్నయ్య పదీ ముగించి, బోల్టు తెరిచి రైఫిల్ పక్కన పెట్టాడు. మా ఆయనకింకా ఒకటుంది. అప్పటికి నేను కూడిన లెక్క ప్రకారం, ఆ ఆఖరిది తొమ్మిదిలో పడినా అన్నయ్య మీసం పోయినట్టే. మా ఆయన తూటా ఎక్కించారు. మళ్లీ వెనక్కి తల తిప్పి చూశారు. కాళ్లు కొంచెం కుడికి జరుపుకున్నారు. తర్వాత చెంప ఆనించి, ఊపిరి బిగబట్టి, కాల్చారు.

"పది," అన్నారు.

దుర్భిణిలో చూశారు. అద్దం తుడిచి మళ్లీ చూశారు. కాగితం మీద తొమ్మిది కన్నాలే ఉన్నాయి.

పక్క చాప మీద అన్నయ్య తన కాగితాన్ని దుర్భిణిలో చూసుకుంటూ దిగులుగా పడుకుని ఉన్నాడు. ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తాడు.

"వహాబ్ బాయ్, నా దాంట్లో కొత్త కన్నం పడింది. సరీగ్గా నడిమద్దెన. అది నాది కాదు."

రైఫిళ్లన్నీ కింద పెట్టించి, వహాబ్ గారు వెళ్లి కాగితాలు తెచ్చారు. మూడో టార్గెట్లో పదకొండు కన్నాలు. పదకొండోది నుదుట బొట్టు పెట్టినట్టు నట్టనడుమ ఉంది. పక్కవాడి టార్గెట్లో కాలిస్తే అది ఎంత గొప్ప పదైనా కాల్చినవాడికి సున్నాయే. లెక్క తేలిపోయింది. అన్నయ్య గెలిచాడు. నేను అమ్మ దగ్గరికి పరిగెత్తి, దూది తీసి చెవిలో చెప్పాను. అమ్మ రెండు చేతులూ ఎత్తి సింహాచలం వైపు దణ్ణం పెట్టుకుంది.

గెలిచినవాడు మాత్రం గెలిచినట్టు లేడు. ఆ కాగితం పట్టుకుని మా ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"బావా, నిజం సెప్పు. నా మీసానికి బిచ్చమేసావా?"

మా ఆయన మొహం కందగడ్డలా అయింది. ఒట్టు వేసి కాదన్నారు. అన్నయ్య నమ్మలేదు. టగ్గుతో ఓడని అంగుళం తప్పకుండా గోడకి ఆనించే మనిషి పక్క టార్గెట్లో ఎలా కాల్చాడని నిలదీశాడు. ఇద్దరి గొంతులూ లేస్తున్నాయి. ఈ పందెం పోయి ఇంకో గొడవ వచ్చి పడిందిరా దేవుడా అనుకున్నాను.

వహాబ్ గారు ఆ గొడవలో కల్పించుకోలేదు. నాలుగో చాప దగ్గర గొంతుక్కూర్చుని చూస్తున్నారు. రైఫిల్ వెనక చిన్న కన్నంలోంచి చూస్తే ఒక్క నల్లమచ్చ తప్ప ఇంకేమీ కనబడదు. అది ఎవరి మచ్చో, పైన ఏ నంబరుందో కనబడదు. కాబట్టి పడుకున్న ఒళ్లే గుర్తు. మోచేతులు నాటుకుని కాళ్లు కుడికి జరిపితే గొట్టం దానంతటదే ఎడమకి తిరుగుతుంది. యాభై మీటర్ల దూరానికి ఆ కాస్త తిరుగుడే పక్క టార్గెట్. చాప మీద మోచేతుల గుంటలు ఉన్నచోటే ఉన్నాయి, బూట్ల గీతలు మాత్రం రెండు చోట్ల ఉన్నాయి.

"సాయిశంకర్, ఆఖరి తూటాకి కాళ్లెందుకు జరిపావ్?" అనడిగారాయన.

కోచ్ అడిగితే చెప్పకుండా ఉండడానికి లేదు. మా ఆయన తల వంచుకుని, చిన్నపిల్లాడిలా నసిగారు.

"ఎనకాల అత్తగారు కూకున్నారు గదా. ఆవిడకేసి కాళ్లు సాపుకుని కాలుత్తన్నాను, పొద్దుట్నుంచీ ఒకటే ఇది. ఆకరిదానికి ఇంక మనసొప్పలేదు."

ముందు వహాబ్ గారి గడ్డం వణికింది. తర్వాత అన్నయ్య పొట్ట పట్టుకుని చాప మీద కూలబడి నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. షామియానా అంతా ఒకటే నవ్వు. ఆ నవ్వుల్లో మా ఆయన నిలబడి, పందెం పందెమేననీ, సాయంత్రం మంగలి దగ్గరికి వెళ్తాననీ అన్నారు. ఎప్పటి మాటే మళ్లీ అన్నారు, నాకైతే ఎవులున్నారు, నా మీసం పోతే ఎవరికి నష్టం అని.

ఈసారి అమ్మ చెవుల్లో దూది లేదు.

అమ్మ కుర్చీలోంచి లేచింది. నెత్తి మీద చెంగు జారిపోయింది, సర్దుకోలేదు. తిన్నగా నడుచుకుంటూ వెళ్లి అల్లుడి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా నిలబడింది. పాతికేళ్లలో ఆ ఇద్దరినీ అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

"ఒరే శంకరం," అంది.

మా ఆయన ఉలిక్కిపడ్డారు. ఏ రివాల్వరూ ఆయన్ని అలా ఉలికించలేదు.

"నీకెవులూ లేరని ఎవులు సెప్పార్రా నీకు? నానుండగా నా కొడుకుల్లో ఒక్కడూ మీసం తియ్యడానికి ఈల్లేదు. నాను పోయాక ఇద్దరూ తీసుకోండి." ఊపిరి తీసుకుని, వేలితో అన్నయ్యని చూపించింది. "ఆ జగ్గడు సూడు, పొద్దుట్నుంచీ నా మొకం మీదకే కాళ్లు సాపుకుని తొంగున్నాడు. ఆడికి లేని సిగ్గు నీకేటిరా?"

మా ఆయన మెడలో కండువాలాంటిదేమీ లేదు గనక చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, రైఫిల్ పెట్టొస్తానని షెడ్డు వెనక్కి వెళ్లిపోయారు. రైఫిల్ చాప మీదే ఉంది. వాళ్లమ్మ పోయాక ఆయన్ని ఒరే అని పిలిచినవాళ్లు లేరు. మేనమామలు కూడా పేరు పెట్టే పిలిచేవారు. నేను వెళ్లబోతే వహాబ్ గారు ఆపారు.

పందేనికి ఏదో ఒక శిక్ష ఉండాలి కదా అని అన్నయ్య గొణిగాడు. దానికీ అమ్మే తీర్పు చెప్పింది. మీసాలుంటాయి, రంగు ఉండదు. వచ్చే ఏడు పోటీ దాకా ఇద్దరూ నల్లరంగు ముట్టుకోకూడదు. గెలిచినవాడికి కూడా శిక్షేమిటని అన్నయ్య అడిగితే, తల్లి బతికుండగా మీసం మీద పందెం కాసినందుకంది. ఇప్పుడిద్దరి మీసాలూ కింద తెలుపూ కొసన నలుపూ అయ్యి, వరసగా నిలబడితే రెండు పాత టూత్‌బ్రష్షుల్లా ఉన్నారు. నాకైతే ఇదే బాగుంది.

ఆ పదకొండు కన్నాల కాగితాన్ని అన్నయ్య ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాడు. కప్పు మాత్రం ఎక్కడ పడేశాడో వదినకి కూడా తెలీదు.

మొన్న ఆదివారం క్లబ్బు నుంచి అందరం కూర్మన్నపాలెం వెళ్లాం. అమ్మ తలుపు వెనక నిలబడలేదు. ఒరే శంకరం, ఇంకో సేప ముక్క ఏసుకో అంటూ తనే వడ్డించింది. నాకు పనే లేకుండా పోయింది. తిన్నాక మా ఆయన హాల్లో చాప పరుచుకుని అలాగే నిద్రపోయారు. నేను వంటింట్లోంచి వచ్చి చూద్దును కదా, ఆయన కాళ్లు రెండూ తిన్నగా అమ్మ నులకమంచం వైపే ఉన్నాయి. అమ్మ ఆ కాళ్ల పక్కనే కూర్చుని, దాచకుండా, తీరిగ్గా అడ్డపొగ కాల్చుకుంటోంది.

అలవాటు కొద్దీ నేను ఆయన్ని లేపి పక్కకి జరపబోయాను. అమ్మ చుట్ట నోట్లోంచి తీసి నన్ను కసిరింది.

"ఒగ్గీవే. తొంగోనీ ఆణ్ణి."